తీర్చిన బాకీ రికార్డుకెక్కాకే కొత్త కార్డు

నెలనెలా మినిమం డ్యూ కట్టుకుంటూ, జీతం పడిన రోజే సగం ఖాళీ అవుతుంటే చూస్తూ వచ్చిన కుటుంబం ఒకానొక నెలలో క్రెడిట్ కార్డు బాకీని బాగా తగ్గించగలిగిందనుకోండి. బోనస్ వచ్చి ఉండొచ్చు, చీటీ పాడుకుని ఉండొచ్చు, ఏడాదిన్నర పాటు ఖర్చులు బిగబట్టి కట్టుకొచ్చి ఉండొచ్చు. ఆ వారంలోనే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. ఇప్పుడు కొత్త కార్డు అడిగితే ఇస్తారా? పెట్రోలు మీద రాయితీ ఇచ్చేదో, ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి రానిచ్చేదో, ఏడాది ఫీజు లేనిదో. పాతది ఇబ్బందుల్లో వాడిన కార్డు, ఇది నిలదొక్కుకున్నాక తీసుకునే కార్డు అన్న తృప్తి కూడా ఆ కోరికలో కలిసి ఉంటుంది.

అడగొచ్చు. కాకపోతే ఆ వారంలో అడగకూడదు. మనం బాకీ తీర్చిన రోజు ఒకటి, తీర్చినట్టు మన క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కే రోజు మరొకటి. ఈ రెండిటికీ నడుమ కొన్ని వారాలు ఉంటాయి. ఆ వారాల్లో దరఖాస్తు పెట్టినవాళ్లు, తీర్చేసిన అప్పును ఇంకా మోస్తున్నట్టే బ్యాంకుకు కనిపిస్తారు. కార్డు రాదు. ఉక్రోషంతో మరో బ్యాంకుకు పెడతారు, అక్కడా రాదు. ఏడాదిన్నర కష్టపడి సరిచేసుకున్న రికార్డు మీద రెండు కొత్త మరకలు మిగులుతాయి. కొన్ని వారాలు ఆగితే తప్పిపోయే నష్టమిది. ఇంత చిన్న విషయం జనానికి ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మన లెక్క, బ్యూరో లెక్క

బ్యాంకు మన జీతం స్లిప్పు కంటే ముందు చూసేది క్రెడిట్ రిపోర్టు. మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే పనికి 2000లో మొదలైన తొలి సంస్థ సిబిల్. అందుకే ఏ సంస్థ ఇచ్చిన స్కోరునైనా మనం సిబిల్ స్కోరనే అంటాం. 2005లో దీనికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు అనుమతితో నాలుగు బ్యూరోలు నడుస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. సాధారణంగా 750 దాటితే బ్యాంకులు సుముఖంగా చూస్తాయని మార్కెట్లో అందరూ అనుకునే మాట. అంతకు తక్కువైతే ఇవ్వకూడదన్న నిబంధన ఏదీ లేదు.

ఈ బ్యూరోలకు మన ఖాతా నేరుగా కనిపించదు. బ్యాంకులు పంపితేనే వాటికి తెలుస్తుంది. ఒకప్పుడు నెలకోసారి పంపేవారు. 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశంతో 2025 జనవరి 1 నుంచి పక్షానికోసారి, అంటే ప్రతి నెలా 15వ తేదీ నాటికి, నెలాఖరు నాటికి ఉన్న లెక్కను పంపడం మొదలైంది. ఆ తేదీ నుంచి ఏడు రోజుల్లోగా బ్యాంకు పంపాలి, అందిన ఐదు రోజుల్లోగా బ్యూరో దాన్ని రికార్డులోకి ఎక్కించుకోవాలి. ఈ వ్యవధిని వారానికి కుదించే ముసాయిదాను 2025లోనే రిజర్వు బ్యాంకు ముందుకు తెచ్చింది.

తేదీలు వేసి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీరు 5వ తేదీన బాకీ కట్టారు. పక్షం లెక్క ప్రకారం 15 నాటి వివరం 22లోగా బ్యాంకు నుంచి వెళ్తుంది, 27లోగా బ్యూరోలో చేరుతుంది. అదే 16న కట్టి ఉంటే నెలాఖరు దాకా ఆగాలి. అక్కణ్నుంచి మరుసటి నెల 7, ఆ తర్వాత 12. అంటే అన్నీ సజావుగా జరిగినా దాదాపు నాలుగు వారాలు పట్టొచ్చు. దీంట్లో ఇంకో మెలిక ఉంది. చాలా కార్డుల విషయంలో రిపోర్టులో కనిపించేది చివరి బిల్లు నాటి బాకీ. బిల్లు వచ్చిన మర్నాడే మొత్తం కట్టేసినా, తర్వాతి బిల్లు పుట్టేదాకా పాత అంకే అక్కడ కూర్చుని ఉండొచ్చు. కాబట్టి నేను చెప్పే గడువు ఇది: పెద్ద మొత్తం కట్టాక ఒక పూర్తి బిల్లు రానివ్వండి, మొత్తం మీద 45 రోజులు ఆగండి. ఆ తర్వాతే రిపోర్టు తెరవండి.

ఆ ఒక్క బిల్లు కోసం ఆగడానికి మరో కారణం కూడా ఉంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాత బాకీని నెలనెలా మోసుకొస్తున్న కార్డు మీద వడ్డీ రోజువారీగా పడుతుంది. బిల్లు 18న వచ్చింది, అందులో ఉన్న 60,000 రూపాయలనూ మీరు మరుసటి నెల 5న కట్టేశారు. ఈ మధ్యలోని పద్దెనిమిది రోజుల వడ్డీ ఆ బిల్లులో లేదు, వచ్చే బిల్లులో వస్తుంది. నెలకు మూడున్నర శాతం చొప్పున అది వెయ్యి రూపాయల పైమాటే, దానిమీద 18 శాతం జీఎస్టీ. 'మొత్తం కట్టేశాం కదా' అనుకుని యాప్ తీసేసినవాళ్లకు ఈ వెయ్యి కనపడదు. దానికి లేటు ఫీజు తోడవుతుంది, గడువు దాటి మూడు రోజులు మించితే బకాయిగా బ్యూరోకు చేరుతుంది. లక్షలు తీర్చిన మనిషి వెయ్యి రూపాయల దగ్గర గడువు తప్పినవాడిగా నమోదవుతాడు. అందుకే సున్నా బిల్లును కళ్లారా చూసేదాకా బాకీ తీరినట్టు కాదు.

ముప్పై శాతం సంగతి

హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూలు టీచరును ఊహించుకుందాం. జీతం నెలకు 42,000. మూడు కార్డులున్నాయి, లిమిట్లు లక్షన్నర, లక్ష, యాభై వేలు. మొత్తం మూడు లక్షలు. ఇంట్లో ఆపరేషను, ఆ వెనకే పాప కాలేజీ ఫీజు వచ్చి బాకీ 2,40,000కు చేరింది. అంటే లిమిట్‌లో 80 శాతం వాడకం. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 8,400, జీఎస్టీ 1,512. నెలకు పదివేలకు దగ్గరగా కడుతున్నా అసలు కదలదు. ఆవిడ ట్యూషన్లు చెప్పి, బస్సులో తిరిగి, ఏడాదిన్నరలో బాకీని 60,000కు దించింది. వాడకం ఇప్పుడు 20 శాతం.

లిమిట్‌లో ముప్పై శాతం లోపు వాడితే మంచిదని బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు చెప్పేమాట. బ్యూరోలు స్కోరు సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టవు కాబట్టి దీన్ని గీసిన గీతలా కాకుండా ఒక గుర్తులా పట్టుకోవాలి. గడువుకు కట్టామా లేదా అన్నది అన్నిటికంటే బరువైన అంశం, వాడకం దాని వెనకే వస్తుంది. వాడకంలో ఒక ఊరట ఏమిటంటే, బాకీ తగ్గిన లెక్క ఎక్కగానే ఆ మేరకు స్కోరు కదులుతుంది. గడువు తప్పిన వాయిదాల గుర్తు అలా చెరగదు. సిబిల్ రిపోర్టులో గత 36 నెలల చెల్లింపుల చరిత్ర నెలవారీగా గళ్లలో కనిపిస్తుంది. ఏ నెలలో ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో ఉంటుంది.

ఇప్పుడు ఆ టీచరు చేయగలిగే పెద్ద పొరపాటు, కసితో లక్షన్నర లిమిట్ ఉన్న కార్డును ముందే మూసేయడం. మూస్తే మొత్తం లిమిట్ లక్షన్నరకు పడిపోతుంది, మిగతా కార్డుల మీదున్న అరవై వేలూ 40 శాతమై కూర్చుంటాయి. కష్టపడి దించిన అంకె మళ్లీ పైకెక్కుతుంది. మూయాలనుకుంటే మొత్తం బాకీ తీరాక, కొత్త కార్డు వ్యవహారం తేలాక మూసుకోవచ్చు. అప్పుడు కూడా మూసివేత కోరాక ఏడు పనిదినాల్లో పని పూర్తికాకపోతే, బాకీ లేని ఖాతాకు రోజుకు 500 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. ఏడాదికి పైగా వాడని కార్డును ముందు మనకు తెలియజేసి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకే మూసేస్తుంది. కాబట్టి ఉంచుకోవాలనుకున్న పాత కార్డు మీద అప్పుడప్పుడు కరెంటు బిల్లులాంటిది ఒకటి కట్టి, వెంటనే తీర్చేస్తుండాలి.

తీరిందా, చోటు మారిందా?

రిపోర్టు కంటే ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇది. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం, రెండు రూపాయల వడ్డీ అంటే ఇరవై నాలుగు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే 'అయ్యో, అంత అవసరం ఏమొచ్చిందిరా' అంటారు పెద్దవాళ్లు. క్రెడిట్ కార్డు బాకీ మీద పడేది చాలావరకు మూడు, మూడున్నర రూపాయల వడ్డీ. అదే మాట శాతాల్లో, చిన్న అక్షరాల్లో వచ్చేసరికి మన చెవికి తగలకుండా పోతోంది. కార్డు వడ్డీని కూడా రూపాయల్లోనే పిలుచుకోవడం ఇంట్లో అలవాటు చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అందుకే కార్డు బాకీ తీర్చడానికి తక్కువ వడ్డీకి మరోచోట తేవడం తెలివైన పనే. నగలు బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు కడితే మూడున్నర రూపాయలు పోయి రూపాయి చిల్లరకు వస్తుంది. అయితే అది అప్పు తగ్గడం కాదు. గోల్డ్ లోనూ రిపోర్టులో కనిపిస్తుంది, పర్సనల్ లోనూ కనిపిస్తుంది. కార్డు బిల్లునే ఈఎంఐగా మార్చుకుంటే మిగిలిన అసలు మేరకు లిమిట్ బిగుసుకునే ఉంటుంది. చీటీ పాట, బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు రిపోర్టులో కనపడవు. బ్యాంకు కంటికి మనం తేలికపడినట్టే ఉంటాం. చీటీ వాయిదా మాత్రం ఇంకా ఇరవై నెలలు కట్టాలి. ఇలాంటి సమయంలో స్కోరు పెరిగి కార్డు వచ్చేస్తే మరింత ప్రమాదం. బ్యాంకుకు తెలియని అప్పు మీద బ్యాంకుకు తెలిసిన అప్పు పడుతుంది.

బాకీ చోటు మాత్రమే మారినవాళ్లు అర్హత చూసుకోవాల్సిన రోజు ఇంకా రాలేదు. నగలు ఇంటికొచ్చాక, లేదా చీటీ వాయిదా పోను నెలాఖరున చేతిలో ఎంతో కొంత మిగులుతోందని తేలాక ఆలోచించవచ్చు.

సెటిల్‌మెంట్ దారి వేరు. లక్షా ఇరవై వేల బాకీకి డెబ్బై వేలు కడితే చాలని రికవరీ ఏజెంటు చెప్తే ప్రాణం లేచొచ్చినట్టవుతుంది. ఆ ఖాతా రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. ఇచ్చినవాడు కొంత వదులుకున్నాడని తర్వాత వచ్చే ప్రతి బ్యాంకుకూ అది చెబుతుంది, ఏళ్ల తరబడి చెబుతుంది. కట్టగలిగే రోజు వచ్చినప్పుడు అదే బ్యాంకుకు వెళ్లి, మిగిలింది కూడా కట్టేస్తామని రాతపూర్వకంగా అడిగి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రిపోర్టులో మార్పించుకోవడమే దారి. అది జరగకుండా కొత్త కార్డుకు ప్రయత్నించడం తలుపు మూసుంటే గోడకు తల కొట్టుకోవడమే.

ముందు మన రిపోర్టు మనం

ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి మన పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. నాలుగు బ్యూరోలు ఉన్నాయి కాబట్టి మూడు నెలలకు ఒకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాదంతా పైసా ఖర్చు లేకుండా కాపలా కాయవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం ఇప్పటికీ చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. తగ్గదు. ఎన్నిసార్లు చూసుకున్నా తగ్గదు.

రిపోర్టు చేతికొచ్చాక ముందుగా కంటికి కనిపించే స్కోరును పక్కన పెట్టి, ఖాతాల జాబితాలోకి వెళ్లండి. తీర్చిన కార్డు ఎదుట బాకీ సున్నా ఉందా? మూసిన ఖాతా మూసినట్టే ఉందా? మీవి కాని అప్పులేమైనా ఉన్నాయా? ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు మన దగ్గర కోకొల్లలు. పుట్టినతేదీ దగ్గరదగ్గరగా ఉంటే ఒకరి అప్పు మరొకరి ఖాతాలో పడటం వింతేమీ కాదు. ఇంకో సంగతి చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది. 'ఒక్క సంతకం పెట్టు బావా, నీకేం ఇబ్బంది రాదు' అని ఎప్పుడో పెట్టించుకున్న జామీను. బైకు కోసమో, ట్రాక్టరు కోసమో తీసుకున్న ఆ అప్పు మీ రిపోర్టులోనూ ఉంటుంది. అసలు మనిషి వాయిదాలు ఎగ్గొడుతుంటే మీ స్కోరూ దిగుతుంది. సొంత బాకీ అంతా తీర్చినా స్కోరు ఎందుకు లేవడం లేదని తలపట్టుకున్నవాళ్లు ముందు ఈ మూల వెతకాలి.

తప్పు కనిపిస్తే బ్యూరో వెబ్‌సైట్లోనే ఫిర్యాదు చేయవచ్చు. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం మనకు రావాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పటికీ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలూ ఆ పరిధిలోకి వచ్చాయి. ఈ ఫిర్యాదు తేలేదాకా దరఖాస్తు పెట్టకండి. తప్పుడు రిపోర్టు మీద వచ్చిన తిరస్కరణను ఆ తర్వాత ఏ బ్యాంకూ వెనక్కి తీసుకోదు.

చూడటం, అడగటం

అర్హత చూసుకోవడం వేరు, దరఖాస్తు పెట్టడం వేరు. బ్యాంకు ముందస్తుగా ఎంపిక చేసి చూపించే ఆఫర్‌ను యాప్‌లో తెరిచి చూస్తే రికార్డు మీద ఏమీ పడదు. దరఖాస్తు పెట్టాక బ్యాంకు మన రిపోర్టు తెప్పించుకుంటే మాత్రం దాన్ని ఎంక్వైరీ అంటారు. ఏ బ్యాంకు, ఏ తేదీన, ఎందుకోసం అడిగిందో రిపోర్టులో నమోదవుతుంది. కార్డు ఇచ్చారా లేదా అన్నది ఆ వరుసలో ఉండదు. కానీ నెలలో నాలుగు బ్యాంకుల పేర్లు వరసగా కనిపించి, కొత్త ఖాతా ఒక్కటీ లేకపోతే ఏం జరిగిందో ఐదో బ్యాంకుకు చెప్పనక్కర్లేదు.

అందుకే మొదట జీతం పడే బ్యాంకు యాప్ తెరవండి. మన రాకపోకలన్నీ ఎరిగిన బ్యాంకు అది. అక్కడ ఆఫర్ ఉంటే ఆమోదానికి అవకాశం ఎక్కువ. తర్వాతే బయటి యాప్‌లు. వాటిలో పాన్ నంబరు కొట్టేముందు, సరే అని నొక్కే గడి పక్కన ఏం రాసుందో చదవండి. మన వివరాలు ఎవరెవరికి వెళ్తాయో అక్కడే ఉంటుంది, నెల్లాళ్లపాటు ఆగకుండా వచ్చే ఫోన్లకు మూలం కూడా అక్కడే ఉంటుంది. ఇక షాపింగ్ మాల్ మెట్ల దగ్గర టేబులు వేసుకుని 'అర్హత ఉందో లేదో చూసి చెప్తాం సర్, పాన్ నంబరు ఇవ్వండి చాలు' అనే కుర్రాళ్ల సంగతి. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లవి టార్గెట్ల బతుకులు. కానీ అక్కడ జరిగేది చాలావరకు దరఖాస్తే. మన రిపోర్టును ఏ బ్యాంకైనా తెరిస్తే బ్యూరో మనకు ఎస్సెమ్మెస్సో, ఈమెయిలో పంపాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అది రావాలంటే మన ఫోన్ నంబరు బ్యూరో దగ్గర సరిగ్గా ఉండాలి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకూ సూత్రం ఇదే. అమెరికాలో బ్యాంకులు సాధారణంగా నెలకోసారి లెక్క పంపుతాయి, దరఖాస్తుతో పడే ఎంక్వైరీ అక్కడ రెండేళ్లు రిపోర్టులో ఉంటుంది. ఇక్కడి చరిత్ర అక్కడి బ్యూరోల్లోకి దానంతటది వెళ్లదు. అయితే ఇక్కడ అది చెరిగిపోదు. ఇక్కడి కార్డు బాకీని వదిలేసి విమానం ఎక్కినవాళ్లకు, ఎప్పుడో హైదరాబాద్‌లో ఫ్లాటు కోసం హోమ్ లోన్ అడిగినప్పుడు అది ఎదురొస్తుంది.

ఇంటికీ ఒక గడువు

రిపోర్టు సర్దుకోవడానికి 45 రోజులు చాలు. ఇల్లు సర్దుకోవడానికి అది చాలదు. నా లెక్కలో మూడు బిల్లులు కావాలి. ఉన్న కార్డు మీద మూడు బిల్లులు వరుసగా, మినిమం కాకుండా పూర్తిగా, జీతంలోంచే కట్టగలగాలి. ఎందుకంటే బాకీ పేరుకోవడానికి కారణం ఒక్కోసారి ఆపరేషను, ఒక్కోసారి అలవాటు. ఆపరేషను అయిపోతుంది. అలవాటు పోయిందో లేదో మూడు నెలలు గడిస్తే గానీ తెలియదు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలపనిచ్చారు. అప్పటిదాకా పెద్ద షాపుల్లో బయటికి తీసే కార్డు ఇప్పుడు టిఫిన్ సెంటరులో, కిరాణా కొట్టులో, పూలకొట్టులో ఫోను ఊపితే చాలు ఖర్చయిపోతోంది. యాభై, వంద రూపాయల ఖర్చు అప్పుగా అనిపించదు. నెలాఖరు బిల్లులో అవన్నీ కలిసి పన్నెండు వేలుగా వస్తాయి. ఈ మూడు నెలల్లో అది అదుపులో ఉంటే కొత్త కార్డుకు మీరు సిద్ధం.

రాబోయే ఆరు నెలల్లో ఇంటి అప్పు తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం కార్డు మాట ఎత్తకండి. కొత్త ఎంక్వైరీ, కొత్త ఖాతా రెండూ హోమ్ లోన్ ఇచ్చే అధికారి బల్ల మీదికి వస్తాయి. పాతిక లక్షల అప్పు మీద పావు శాతం వడ్డీ తేడా ముందు ఏ కార్డు ఇచ్చే రివార్డు పాయింట్లయినా దిగదుడుపే.

ఇవన్నీ చూసుకుని దరఖాస్తు పెట్టినా కార్డు రాకపోవచ్చు. జీతంలో ఈఎంఐల వాటా ఎక్కువని అనుకోవచ్చు, పనిచేసే సంస్థ వాళ్ల జాబితాలో లేకపోవచ్చు. పైగా 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు కార్డు అప్పులకు రిస్కు వెయిటేజీని, అంటే ఆ అప్పుల కోసం బ్యాంకు పక్కన పెట్టాల్సిన మూలధనపు లెక్కను, 125 నుంచి 150 శాతానికి పెంచాక బ్యాంకులు వెనకాముందూ చూసి ఇస్తున్నాయి. కారణం ఊహించుకుంటూ కూర్చోవద్దు. దరఖాస్తును తిరస్కరిస్తే నిర్దిష్టమైన కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుదే. ఈమెయిల్ పెట్టి అడగండి. వచ్చిన జవాబులో ఉన్నది మీరు సరిచేయగలిగినదైతే సరిచేయండి. కాలమే సరిచేయాల్సింది అయితే, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒకటుంది. డిపాజిట్‌లో కొంత శాతం లిమిట్‌గా ఇస్తారు, జీతం స్లిప్పు పెద్దగా అడగరు, డిపాజిట్ మీద వడ్డీ మనకు వస్తూనే ఉంటుంది. దానిమీద కట్టే ప్రతి బిల్లూ మామూలు కార్డు బిల్లులాగే బ్యూరోకు చేరుతుంది. ఆరు నెలలు పూర్తి బిల్లు కట్టి, మళ్లీ ఉచిత రిపోర్టు తెప్పించుకుని, అప్పుడు జీతం పడే బ్యాంకు యాప్‌లో ఆఫర్ వచ్చిందేమో చూడండి.